పేజీ అడుగున నీలం అక్షరాలు

సభకు అధ్యక్షత వహిస్తున్న మన ప్రిన్సిపాల్ ఓంప్రకాశ్ గారికి, వేదిక మీదా కిందా కూర్చున్న తోటి అధ్యాపకులకు, ఇంత ఎండలోనూ పని మానుకొని వచ్చిన ఆసిఫాబాద్ పెద్దలకు, భోజనాల వాసన ఎటునుంచి వస్తోందా అని వెనక వరుసల్లో మెడలు తిప్పుతున్న నా విద్యార్థులకు, మొదటి వరుసలో కుర్చీ మీద మఠం వేసుకొని కూర్చున్న, నన్ను కన్న మా అవ్వ శంకరవ్వకు, అందరికీ నమస్కారం. అవ్వా, జర కాళ్లు కిందికి వెట్టు, ఫొటో తీస్తుండ్రు. (నవ్వులు) పెట్టదు. నా కోసం సిరిసిల్ల నుంచి నిన్ననే వచ్చింది, ఆమె ఇష్టం ఆమెది.

ఇప్పటిదాకా మాట్లాడినవాళ్లంతా అనసూర్య మేడం శాంతమూర్తి అన్నారు, సహనశీలి అన్నారు. ల్యాబులో కీబోర్డు మీద చాయ్ ఒలకబోసినవాళ్లు ఈ హాల్లో కనీసం నలుగురున్నారు, వాళ్లను మైకు దగ్గరికి పిలిస్తే నా శాంతం సంగతి చెప్తారు. (నవ్వులు) అయినా వీడ్కోలు సభలో పొగడ్తలు విని ఊరుకోవాలి, కాదనకూడదు. నేనూ ఊరుకుంటున్నాను, లోపల సంతోషంగానే ఉంది.

అయితే ఇవాళ నాతో పాటు ఈ కాలేజీలో ఇంకొకరు కూడా రిటైరవుతున్నారు. వాళ్లకు శాలువా లేదు, దండ లేదు, కనీసం బ్యానరు మీద పేరు లేదు. ల్యాబు పక్కన మూలగదిలో, పాత బెంచీ మీద, రాత్రీ పగలూ గుయ్యిమని మోగుతూ ఉండే మిషను ఒకటి మీలో చాలామంది చూసే ఉంటారు. నేను ఇన్నేళ్లుగా తెలుగులో కంప్యూటర్ల గురించి రాసిన పేజీలన్నీ దాని మీదే ఉన్నాయి. ప్రపంచంలో ఎవరు ఆ పేజీలు తెరిచినా ఆ మూలగదిలోంచే వెళ్తాయి. కాలేజీకి కొత్త వెబ్‌సైటు వచ్చింది కాబట్టి ఈ సాయంత్రం దాన్ని బంద్ చేస్తారని చెప్పారు. నిజానికి నేను మాట్లాడాలనుకున్నది నా గురించి కాదు, దాని గురించే.

మొదటి నుంచి చెప్తాను. నేను ఈ కాలేజీకి వచ్చిన కొత్తలో ల్యాబులో ఉన్న కంప్యూటర్లు తక్కువ, వాటి మీద కప్పిన గుడ్డలు ఎక్కువ. నేను చదివింది లెక్కలు, పైన ఒక డిప్లొమా. చెప్పమన్నది సీ లాంగ్వేజీ. అందులో పాయింటర్లు అని ఒకటి వస్తుంది, పిల్లలకే కాదు, చెప్పేవాళ్లకూ అదంటే గుండె దడే. అర్థం కాలేదని ఎవరితో అనాలి? లెక్చరర్ అంటే అన్నీ తెలిసినట్టే నిలబడాలి కదా. ఎదురుగా కూర్చున్న పిల్లలు నా ముఖం చూస్తుంటే చీర చెంగు తిప్పుకుంటూ, రేపు చెప్తాను, రేపు చెప్తాను అని వారం గడిపాను.

అప్పట్లో ఊరికంతటికీ ఇంటర్నెట్టు అంటే బస్టాండు ఎదురుగా అక్బర్ భాయ్ సెంటరు. అదుగో, ఆ స్తంభం పక్కన కూర్చున్నారు, ఇప్పుడు సెల్ ఫోన్ల షాపు ఆయనది. అక్బర్ భాయ్, లేవండ్రి, మొహమాటం ఎందుకు? (చప్పట్లు) ఫోను లైను కలవడానికి మోడెం డబ్బా కాసేపు కీచుమని అరిచేది, కలిసిందనుకునేలోపు కరెంటు పోయేది. బొమ్మలైతే పైనుంచి కిందికి మెల్లగా దిగేవి, నుదురు వచ్చిందంటే ముక్కు రావడానికి తీరిగ్గా కూర్చోవాలి. అక్బర్ భాయ్ అనేవారు, “మేడమ్, ఫొటోల కోసం ఆగకుండ్రి, గవి వచ్చిన్నాడు వస్తయి. అక్షరాలు వచ్చినయా, సదువుకోండ్రి.” ఆ సలహా ఇప్పటికీ పాటిస్తున్నాను.

అక్కడ వెతగ్గా వెతగ్గా ఒకరోజు ఒక పేజీ దొరికింది. వెనక బూడిద రంగు, నల్లటి అక్షరాలు, ఒక పిల్లి ఫొటో. ఎక్కడో మంచు కురిసే దేశంలో, టెలిఫోను ఆఫీసులో పనిచేసి ఇంటి పట్టున ఉన్న ఒక ముసలాయన తన కోసం తానే పెట్టుకున్న పేజీ అది. టమాటలు ఎట్లా పెంచాలో ఒక చోట, తన దగ్గరున్న పాత కంప్యూటర్ల ముచ్చట్లు ఒక చోట, పాయింటర్ల గురించి ఒక చోట. అమ్మేది ఏమీ లేదు, పేరు రాయి, ఊరు రాయి అని అడిగేది లేదు. పాయింటర్ల పేజీలో మొదటి వాక్యం ఇది: “నాకు ఇది అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది, అందుకే నెమ్మదిగా చెప్తాను.”

నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. నవ్వకండి, నిజంగానే వచ్చాయి. అంతవరకు నేను చూసిన పుస్తకాల్లో, నాకు పాఠం చెప్పిన సార్లలో ఒక్కరు కూడా తమకు అర్థం కాలేదని అనలేదు. వాళ్లకు అన్నీ పుట్టుకతోనే వచ్చి ఉంటాయని, నేనొక్కదాన్నే మొద్దునని అనుకునేదాన్ని. ఆ ముక్కూ ముఖం తెలియని మనిషి నా పక్కన కుర్చీ వేసుకొని కూర్చున్నట్టు అనిపించింది. మరుసటి రోజు క్లాసులో చెంగు తిప్పకుండా పాఠం చెప్పాను.

ఆ పేజీ అడుగున, నా స్నేహితుల పేజీలు అని రాసి, కింద గీత ఉన్న నీలం అక్షరాల్లో కొన్ని పేర్లు ఉన్నాయి. ఒకటి నొక్కాను. పాత క్యాలిక్యులేటర్లు బాగుచేసే ఒకావిడ ఇల్లు తెరుచుకుంది. ఆమె పేజీ అడుగున మళ్లీ కొన్ని పేర్లు. ఇంకొకటి నొక్కితే, తను ఉత్తరాలు రాసుకోవడానికి తానే ఒక సాఫ్ట్‌వేరు కట్టుకున్న పెద్దమనిషి, దాన్ని తను తప్ప ఇంకెవరూ వాడరట, అయినా అది ఎట్లా పనిచేస్తుందో ఎంత ముద్దుగా చెప్పాడో. అటునుంచి ఇంకొకరింటికి. వెనక నిలబడి చూస్తున్న అక్బర్ భాయ్‌కి అనుమానం వచ్చింది. “మేడమ్, గీళ్లింట్ల నుంచి గాళ్లింట్లకు పోతనే ఉన్నరు, ఏమన్న దావత్ ఉన్నదా?” (నవ్వులు) దావతే భాయ్, నా జన్మలో అంతటి దావత్ మళ్లీ తినలేదు.

ఇప్పటి పిల్లలకు ఇది చెప్పినా అర్థం కాదేమో. మీకేం కావాలో మీ ఫోనే మీ ముందు గుమ్మరిస్తుంది, మీరు బొటనవేలితో తోసుకుంటూ పోతారు. మంచిదే, నేనూ తోస్తాను. కానీ ఒక మనిషి, ఇదిగో వీళ్లు నాకు ఇష్టమైనవాళ్లు, వీళ్లింటికీ వెళ్లిరా అని చేయి చూపించి పంపితే, వెళ్లి ఆ తలుపు తట్టడంలో ఉన్న సంతోషం వేరు. దాని మీద నాకు బెంగ ఉంది, దాచుకోను.

ఆయనకు వచ్చీరాని ఇంగ్లీషులో ధన్యవాదాలు రాశాను. జవాబు రాదనుకున్నాను, వచ్చింది. మీ భాషలో ఇట్లాంటివి ఎవరు రాస్తున్నారని అడిగాడు. నాకైతే ఎవరూ కనబడలేదన్నాను. “అయితే మీరే రాయండి, నా పేజీ అడుగున మీ పేరు కలుపుతాను” అన్నాడు. ఆయన రాసుకున్న ఆ మొదటి వాక్యాన్ని తెలుగులో వాడుకోవచ్చా అని అడిగితే, అది మీదే అనుకోండి అన్నాడు.

సరే, ఉత్సాహం వచ్చింది, రాశాను, ఊరికే చోటిచ్చే ఒక వెబ్‌సైటులో పెట్టాను, కాలేజీకి లైను వచ్చాకే అవి మూలగది మిషను మీదికి మారాయి. అక్బర్ భాయ్ సెంటర్లో తెరిస్తే ముత్యాల్లా ఉన్నాయి తెలుగు అక్షరాలు. సెలవు పెట్టి సిరిసిల్ల పోయి, మా అవ్వనూ బాపునూ అక్కడి ఇంటర్నెట్టు సెంటరుకు తీసుకుపోయి, బిడ్డ చేసిన ఘనకార్యం చూడండి అని తెరిచాను. ఆ కంప్యూటర్లో తెలుగు ఫాంటు లేదు. నేను రాసిన ప్రతి అక్షరమూ ఒక డబ్బా అయి కూర్చుంది, పేజీ నిండా గళ్లే గళ్లు. మా అవ్వ ముందుకు వంగి చూసి, “గిదేంది బిడ్డా, గళ్ల లుంగీ నేసినవా?” అంది. (నవ్వులు, చప్పట్లు) చూడండి, ఇప్పుడు ఎట్లా నవ్వుతోందో. ఆ రోజు నేను ఏడ్చినంత పనయింది.

మా బాపు బాలమల్లు మాత్రం నవ్వలేదు. సిరిసిల్లలో ఆయన వైపని చేసేవాడు. తెలియనివాళ్లకు చెప్తాను. సాంచె అంటే మరమగ్గం, భీము అంటే పడుగు నూలు చుట్టిన రోలరు. సాంచె మీద ఒక భీము నూలు అయిపోవచ్చినప్పుడు, కొత్త భీము తెచ్చి, పాత పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటిగా అతికే పనిని మా దగ్గర వైపని అంటారు. పోగులన్నీ దువ్వెన పళ్లలాంటి అచ్చులోంచి పోతాయి కాబట్టి, పాత పోగుల తోకలు అచ్చులోనే ఉండాలి. వేళ్లకు బూడిద అద్దుకొని, పాతదీ కొత్తదీ కలిపి పురిపెట్టి, అతుకు పడిందో లేదో మెల్లగా గుంజి చూసి, అప్పుడు ఇంకో పోగు పట్టుకునేవాడు. కొత్తగా చేరినవాళ్లు బట్ట తొందరగా దింపాలని పాత పోగులు మొత్తం అచ్చులోంచి ఊడబీకితే ఇక ఆయన కోపం చూడాలి. “అచ్చు ఉత్తగ చేసినంక దేనికి అతుకుదమనుకున్నవ్‌రా?” అని అరిచేవాడు. పాత పోగు లేకపోతే కొత్త పోగులన్నీ మళ్లీ ఒక్కో పంటి సందులోంచి ఎక్కించుకోవాలి, అన్నాళ్లూ సాంచె బంద్, ఇంట్లో పొయ్యి బంద్.

నా అక్షరాలు సరిగ్గా కనబడేలా చేశాక మళ్లీ తీసుకుపోయి చూపించాను. అడుగున ఉన్న నీలం అక్షరాలు చూపించి, “ఇవి నొక్కితే వాళ్లింటికి పోతం బాపూ” అన్నాను. కాసేపు చూసి, “మరి ఆళ్లది అయిపోతే?” అన్నాడు. అయిపోదు బాపూ, ఇది కంప్యూటర్ అన్నాను, పెద్ద తెలిసినదాన్ని. “అయిపోని భీము ఉంటదా బిడ్డా” అని నవ్వాడు.

అయిపోయింది. ఒక వానాకాలం మధ్యాహ్నం ముసలాయన పేజీ తెరిస్తే, ఈ పేజీ దొరకలేదు అని వచ్చింది. మెయిల్ రాస్తే తిరిగొచ్చింది. అక్బర్ భాయ్ కుర్చీ లాక్కొని పక్కన కూర్చొని, “అడ్రసు తప్పు కొట్టిండ్రేమో, జర మల్ల కొట్టుండ్రి మేడమ్” అంటారు, నేను మళ్లీ కొడతాను, అదే మాట వస్తుంది. ఎన్నడూ చూడని మనిషి కోసం, గొంతు కూడా వినని మనిషి కోసం, ఆయన సెంటర్లోని ప్లైవుడ్ గూట్లో కూర్చొని వెక్కివెక్కి ఏడ్చాను. అక్బర్ భాయ్ చాయ్ తెప్పించి నా ముందు పెట్టారు. భాయ్, ఆ చాయ్ నేను మర్చిపోలేదు.

(నీళ్లు తాగి)

అప్పుడు గుర్తొచ్చి ఆ క్యాలిక్యులేటర్ల ఆవిడ పేజీకి పోయాను. అన్నిటికంటే పైన కొత్తగా మూడు వాక్యాలు ఉన్నాయి. “మా స్నేహితుడు పోయిన నెల వెళ్లిపోయాడు. ఆయన పేజీలన్నీ ఇకనుంచి నా దగ్గర ఉంటాయి. పిల్లి కూడా నా దగ్గరే ఉంది.” దాని కింద నీలం అక్షరాలు. నొక్కితే అదే బూడిద రంగు, అవే టమాటలు, అదే పాయింటర్ల పాఠం. ఇంటికి పోయినప్పుడు ఈ సంగతి బాపుకు చెప్పాను. “గామె వైపని తెలిసిన మనిషి బిడ్డా” అన్నాడు. బాపు ఇప్పుడు లేడు. ఉంటే అవ్వ పక్క కుర్చీలో కూర్చునేవాడు.

ఇక ఓంప్రకాశ్ సార్, మీ దగ్గరికి వస్తున్నాను. భయపడకండి. (నవ్వులు) కొత్త వెబ్‌సైటు బాగుంది. తెరవగానే మీ ఫొటో వస్తుంది, అది జరిగిపోగానే ఇంకో చొక్కాలో మీ ఫొటో వస్తుంది, కన్నుల పండుగగా ఉంది. (నవ్వులు) పాత మిషను సంగతి వచ్చినప్పుడు మీరు మంచి మనసుతోనే అన్నారు, “మేడమ్, అన్నీ పెన్‌డ్రైవులోకి ఎక్కించుకొని తీసుకుపోండి, మీ గుర్తుగా ఉంటాయి” అని. ఆ రోజు నాకు అన్నం సయించలేదు సార్. నాలుగు రోజులు మీతో సరిగ్గా మాట్లాడలేదు, మీరు గమనించారో లేదో. గమనించారా? అయితే సరే.

పెన్‌డ్రైవులో పెట్టుకొని బీరువాలో దాచుకోవడానికి అవి నా పెళ్లి ఫొటోలు కావు. పోయిన నెల నాకొక మెయిల్ వచ్చింది, వినండి. “మేడమ్, నేను మీకు తెల్వదు. నా పేరు మమతారాణి, సుల్తానాబాద్‌ల రైసుమిల్లు ఆఫీసుల కంప్యూటర్ మీద పనిచేస్త. ఎర్రర్ వస్తే అందరు నన్నే తిడుతరని భయం ఉండె. మీ పేజీల, నాకు ఇది సమజ్ గావడానికి చాన దినాలు వట్టింది అని ఉన్నది. అది సదివినంక నా భయం వోయింది. ఇప్పుడు నాది గూడ ఒక పేజీ ఉన్నది. కింద మీ పేరు కలిపిన. ఏమనుకోకుండ్రి.”

ఆమె పేజీకి పోయాను. మిల్లు లెక్కలు కంప్యూటర్లో వేసేటప్పుడు తను నేర్చుకున్న కిటుకులు ఒకవైపు, తనకిష్టమైన మెహందీ డిజైన్లు ఒకవైపు. అడుగున నీలం అక్షరాల్లో నా పేరు. సార్, ఈ సాయంత్రం మీరు స్విచ్ ఆపేస్తే రేపు పొద్దున ఆ పిల్ల నా పేరు నొక్కుతుంది, ఈ పేజీ దొరకలేదు అని వస్తుంది. నేను ఆ ప్లైవుడ్ గూట్లో ఏడ్చినట్టు ఆమె ఏ మిల్లు ఆఫీసులోనో కూర్చొని ఏడవాలా? నాకు అది మింగుడుపడటం లేదు. శాలువాలన్నీ తీసుకోండి, నాకు ఈ ఒక్కటి కావాలి.

జైనూర్ నుంచి రోజూ బస్సులో వచ్చి చదువుకున్న నా నవ్యశ్రీ రేపటి నుంచి నా కుర్చీలో కూర్చుంటుంది. కరెంటు పోయినప్పుడు కాగితం మీద ప్రోగ్రాం ఎట్లా రాయాలో ఈమె చదువుకునేటప్పుడు రాసిన పేజీ మన మిషను మీద ఇప్పటికీ ఉంది. తనకు సొంత వెబ్‌సైటు కూడా ఉంది, నా పేజీలన్నీ అక్కడ పెట్టుకుంటానంది. పేజీలకు చోటు దొరికింది, ఇక దారి కావాలి. మనం ఇల్లు మారితే పాత ఇంటి తలుపు మీద చీటీ అంటించి పోతాం కదా. ఆ మిషను కొంతకాలం నడవనివ్వండి. ప్రతి పేజీ పైన, ఇవి ఇప్పుడు ఫలానా చోట ఉన్నాయి అని ఒక్క వాక్యం, కింద నీలం అక్షరాలు. వచ్చినవాళ్లు అది చూసుకొని తమ పేజీల్లో దారి మార్చుకుంటారు.

ఏమంటున్నారు సార్? మైకు దగ్గరికి జరగండి. కొత్త వెబ్‌సైటు తాళాలు హైదరాబాద్‌లో ఉన్నాయంటున్నారు. తెలుసు సార్, దాన్ని ముట్టమని నేను అనలేదు, మూలగది తాళం మీ జేబులోనే ఉంది. (నవ్వులు) దసరా దాకా అంటున్నారు. పండుగకు అందరూ ఊళ్లలో తిరుగుతుంటే తలుపు మీద చీటీ ఎవరు చదువుతారు సార్? వచ్చే ఎండకాలం సెలవుల దాకా ఉంచండి. మన దగ్గర రిటైరయ్యే మనిషి మైకులో అడిగిందాన్ని ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు, శాలువా కప్పిన చేత్తో మీరు కాదంటారా?

తల ఊపారు! (చప్పట్లు) అట్లా కాదు సార్, నోటితో అనండి. సరే అన్నారు. అందరూ విన్నారు కదా? అక్బర్ భాయ్, మీరే సాక్షి, రోజూ సాయంత్రం ఆ కిటికీ దగ్గరికి పోయి గుయ్యిమంటుందో లేదో వినండ్రి. థాంక్స్ సార్. నాలుగు రోజుల మౌనం ఇక్కడితో సమాప్తం.

నవ్యా, ఏడ్వకు బిడ్డా, నువ్వు ఏడిస్తే నాకు మాట రాదు. నా పేజీలను అలమారాలో బొమ్మల్లా పెట్టకు. తప్పులుంటే దిద్దు, పాతబడ్డవి తీసి కొత్తవి రాయి. సర్వపిండి ఎట్లా చేయాలో రాసిన పేజీ ఒక్కటి మాత్రం తీయకు, ముసలాయన పేజీలో టమాటలు చూశాకే దాన్ని పెట్టాను. మమతారాణికి నువ్వే మెయిల్ రాయి, భోజనాలు కాగానే రాయి, నీ పేజీ అడుగున ఆమె పేరు కలుపు. ఆ మొదటి వాక్యం మాత్రం ఎక్కడా చెరపొద్దు.

పాఠాలు అర్థం కాకపోయినా అర్థమైనట్టు తల ఊపి నన్ను నిలబెట్టిన తొలి బ్యాచీ పిల్లలకు, నా అలకలు భరించిన తోటి అధ్యాపకులకు, ఊరు కాని ఊరి నుంచి వచ్చినదాన్ని ఇంటి మనిషిలా చూసుకున్న ఆసిఫాబాద్‌కు, ఇవాళ వండి వడ్డించబోతున్నవాళ్లకు కూడా, పేరు పేరునా కృతజ్ఞతలు. వెనక వరుస వాళ్లు లేస్తున్నారు, ఇంకొక్క నిమిషం కూర్చోండి.

మా అవ్వ ఏదో అడుగుతోంది. ఏందవ్వా? గట్టిగ అను, అందరు వింటరు. “అతికినవా బిడ్డా? గుంజి సూసినవా?” అంటోంది.

అతికిన అవ్వా. ఇప్పుడే నిండు సభల, సార్ ముందర, గుంజి చూసిన. తెగలే.

సెలవు.